లోతు తెలియని నీటిపై విహారమా?

సెలవులు రాగానే సోలాపూర్ తూర్పు భాగంలోని నేత పేటలలో విహారయాత్రల ప్రస్తావన మొదలవుతుంది. సాఖర్‌పేట, దాజీపేట, అశోక్ చౌక్ పరిసరాల కుటుంబాలు నలుగురైదుగురు చుట్టాలను కలుపుకొని జీపు మాట్లాడుకొని ఉజనీ జలాశయానికో, భిగవణ్ దగ్గర రాజహంసలను చూడటానికో బయలుదేరడం పరిపాటి అయింది. సరిహద్దు గ్రామాల బంధువులు కూడా వారితో కలుస్తున్నారు. ఏడాది పొడుగునా మరమగ్గాల చప్పుడులో బ్రతికే వారికి ఒక పూట నీటిపై విహారం కావాలనిపించడంలో తప్పు లేదు. అయితే పడవ ఎక్కేముందు బాడుగ ఎంత అని అడిగేవారే గాని, క్రింద నీరు ఎంత లోతు అని అడిగేవారు అరుదు.

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో 2024 మే 21వ తేదీ సాయంత్రం తెలియజేసింది. కర్మాళా తాలూకా కూగావ్ నుండి ఇందాపూర్ తాలూకా కళాశీ వైపు ఏడుగురితో వెళుతున్న పడవ ఉజనీ నీటిలో ఈదురుగాలికి మునిగిపోయింది. ఒక్కరు ఈది ఒడ్డు చేరారు. ఆరుగురు మరణించారు. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. వారు విహారానికి వచ్చినవారు కారు. రోడ్డు మార్గం చుట్టు తిరుగుడు గనుక పడవ ఎక్కిన సామాన్యులు. రోజూ దాటే నీరే ప్రాణం తీసిందంటే, సంవత్సరానికి ఒకసారి వచ్చే కొత్తవారి సంగతి చెప్పనక్కరలేదు.

పటము చెప్పేది ఏమిటి?

జలాశయాల అడుగును కొలిచి లోతు పటాలు తయారుచేయడం నీటిపారుదల శాఖలకు కొత్త విషయం కాదు. పూర్వం గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి కొలిచేవారు. ఇప్పుడు పడవ అడుగు నుండి ధ్వనిని పంపి, అది అడుగు తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని లెక్కిస్తారు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. ప్రతిధ్వని సెకనులో యాభయ్యో వంతు కాలంలో తిరిగివస్తే రానూపోనూ 30 మీటర్లు, అనగా లోతు 15 మీటర్లు. ఇలా వేలాది చోట్ల కొలిచి, సమానమైన లోతు గల చోట్లను గీతలతో కలుపుతారు.

చద్దరుపై పువ్వు తీయడానికి గళ్ల కాగితంపై గీసే జకార్డు డిజైను చదవగలిగిన నేత కార్మికునికి ఈ పటం చదవడం కష్టం కాదు. గీతలు దూరదూరంగా ఉంటే అడుగు మెల్లగా వాలుతున్నదని, దగ్గరదగ్గరగా ఉంటే నిట్టనిలువుగా దిగిపోతున్నదని అర్థం. అటువంటి గట్టు దగ్గర పిల్లవాడు పడవ దిగి మోకాలిలోతు అనుకొని రెండడుగులు వేస్తే మునిగిపోగలడు.

ఉజనీ లెక్క వేరు

పటంలోని అంకె సాధారణంగా జలాశయం నిండి ఉన్నప్పటి లోతును చూపుతుంది. ఇక్కడే అసలు మెలిక ఉన్నది. భీమా నదిపై 1980లో పూర్తయిన ఉజనీలో మొత్తం నిల్వ సుమారు 117 టీఎంసీలు. అందులో సగానికి పైగా, దాదాపు 63 టీఎంసీలు, మృత నిల్వయే. మరాఠీ పత్రికలలో వేసవి రాగానే 'ఉణే' అని ఉజనీ శాతం కనిపించడానికి కారణం ఇదే. అంటే నీరు లేదని కాదు, మట్టం మృత నిల్వ హద్దుకంటే క్రిందికి దిగిందని.

పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 496.83 మీటర్లు. మృత నిల్వ హద్దు 491.03 మీటర్లు. తేడా 5.80 మీటర్లు, అనగా సుమారు 19 అడుగులు. పటంలో 30 అడుగులు అని ఉన్న చోట మట్టం ఆ హద్దుకు దిగినప్పుడు 11 అడుగులే మిగులుతుంది. 20 అడుగులు అని ఉన్న చోట ఒక్క అడుగే. మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మోళ్లు అప్పుడు నీటి పైపొరకు వస్తాయి. పళస్‌దేవ్ పురాతన ఆలయం బయటపడటం చూడటానికి జనం వెళతారు. ఆలయం కనబడుతుంది గనుక పడవ తప్పించుకుంటుంది. కనబడీ కనబడని గోడ సంగతి ఏమిటి? కనుక పటంతోపాటు ఆనాటి నీటిమట్టం కూడా తెలియాలి. రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా రెండవది నిరుపయోగమే.

పూడిక మరొక సమస్య. సోలాపూర్ సమీపంలోని హిప్పర్గా చెరువు 1871 నాటిది. ఇటువంటి పాత చెరువులలో తరతరాలుగా ఒండ్రు చేరుతుంది. తాతల కాలంలో ఏనుగులోతు అని చెప్పుకొన్న చోట నేడు బురద ఉండవచ్చు. పటం మీద సర్వే జరిగిన సంవత్సరం చూడటం అందుకే అవసరం.

పటము చెప్పనిది

లోతు తెలిసినంత మాత్రాన ప్రాణరక్షణ జరిగినట్లు కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగింది. అక్కడ గోదావరి ఎంతో లోతైనదని స్థానికులకు తెలియనిది కాదు. వరద ఉధృతిని లెక్కచేయకపోవడమే అనర్థానికి మూలం. మన పేటలకు బంధుత్వాలున్న వరంగల్ ప్రాంతంవారు కూడా ఆ పడవలో ఉన్నారు. పడవను బయటికి తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టింది. ఉజనీలో వరద బదులు గాలి శత్రువు. విశాలమైన నీటిపై గాలి అడ్డులేకుండా వీచినప్పుడు అల లేస్తుంది, లోతు తక్కువైన చోట ఆ అల మరింత నిటారుగా విరుగుతుంది. మే నెల సాయంత్రాలలో ఈ ముప్పు అధికం. కావున ఉదయమే వెళ్లి తిరిగి రావడం ఉత్తమం.

పటం చేసే మేలు ఇంకొకటి ఉన్నది. గాలి లేచినప్పుడు ఏ గట్టు దగ్గర, ఏ గట్టున రాళ్లు లేకుండా పడవ ఆగగలదు అనేది ముందుగానే నిర్ణయించుకోవచ్చు. దూరం కాస్త ఎక్కువైనా నడిమధ్య నుండి కాక గట్టు వెంబడి సాగే దారిని ఎంచుకోవచ్చు.

చేయవలసినది

యంత్రంతో నడిచే పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలని 2021 నాటి దేశీయ జలనౌకల చట్టం చెబుతున్నది. చట్టం కాగితంపై ఉంటే చాలదు. పడవలు కదిలే ప్రతి రేవులో ఒక బోర్డు ఉండాలి. దానిపై లోతు పటం, సర్వే సంవత్సరం, ఆనాటి నీటిమట్టం, పడవలో ఎక్కదగిన మనుషుల సంఖ్య మరాఠీ, తెలుగు, కన్నడ భాషలలో వ్రాయించాలి. ప్రజాధనంతో కొలిచిన లోతు ప్రజలకు తెలియకుండా కార్యాలయాల బీరువాలలో ఉండటం న్యాయం కాదు.

ఆ బోర్డు వచ్చేవరకు కుటుంబ పెద్దలే నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈనాటి మట్టం ఎంత? దారిలో మునిగిన కట్టడాలు ఎక్కడున్నాయి? గాలి లేస్తే ఎక్కడ ఆపుతావు? అందరికీ, పిల్లల కొలతకు సైతం, రక్షణ జాకెట్లు ఉన్నాయా? సమాధానం చెప్పలేని పడవ ఎక్కకుండా గట్టునే కూర్చొని రొట్టె తిని రావడం వలన పోయేది ఏమీ లేదు.