కంప్యూటర్‌కీ జాతకాలు కలవాలి!

గేమ్స్ ఆడుకోవడానికీ ప్రోగ్రాములు రాసుకోవడానికీ ఒకే కంప్యూటర్. భాగాలు విడివిడిగా కొని అసెంబుల్ చేయించుకుంటే అవసరానికి తగ్గట్టు కుదురుతుంది. కాకపోతే, ఏది దేనితో కలుస్తుందో డబ్బు కట్టకముందే చూసుకోవాలి.

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో కొత్త కంప్యూటర్ మాట రాగానే రెండు కారణాలు వినిపిస్తాయి. 'చదువుకి' అని గట్టిగా ఒకటి, 'గేమ్స్ కూడా ఆడుకోవచ్చు' అని మెల్లగా రెండోది. నిజానికి ఈ రెండూ ఒకే యంత్రం మీద చక్కగా సాగుతాయి. అందుకే కొందరు రెడీమేడ్ సిస్టమ్ వద్దనుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లి, ప్రాసెసర్ దగ్గర్నుంచి ఫ్యాన్ దాకా విడివిడిగా ఎంచుకుంటారు. చిక్కల్లా ఒక్కటే. దేనికదే మేలైన వస్తువైనా పక్కదానితో పొసగకపోతే డబ్బు దండగ. సీలు తీసిన డబ్బాని దుకాణదారు వెనక్కి తీసుకోవడం కష్టం. అబ్బాయీ అమ్మాయీ ఎంత బంగారమైనా జాతకాలు చూడందే ముహూర్తం పెట్టుకోరు కదా... ఇదీ అంతే!

పని తెలిస్తేనే పద్దు

గేమ్స్‌లో ఎక్కువ భారం మోసేది గ్రాఫిక్స్ కార్డు. ప్రోగ్రామింగ్‌కి ప్రాసెసర్‌లోని కోర్లూ, ర్యామూ ముఖ్యం. పెద్ద ప్రోగ్రాముని కంపైల్ చేసేటప్పుడు కోర్లు ఎక్కువుంటే పని త్వరగా తెములుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ తెరిచి, పక్కనే బ్రౌజర్లో పది ట్యాబులు పెట్టుకుంటే 16 జీబీ ర్యామ్ ఇట్టే నిండిపోతుంది. 32 జీబీ ఉంటే నిశ్చింత. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవాలనుకునేవారు ఇంకో సంగతీ గమనించాలి. 'క్యూడా' ఆధారంగా రాసిన ప్రోగ్రాములకు ఎన్విడియా కార్డు కావాలి. ఉన్న సొమ్మంతా గ్రాఫిక్స్ కార్డుకే పోస్తే ఆట పరుగులు తీస్తుంది, చదువు నత్తనడక నడుస్తుంది!

సాకెట్ కలిస్తేనే సంబంధం

ప్రాసెసర్‌కి పీట మదర్‌బోర్డు మీది సాకెట్. ఏఎండీ ప్రాసెసర్ ఇంటెల్ బోర్డులో కూర్చోదు. ఒకే కంపెనీలోనూ తరాన్నిబట్టి సాకెట్ మారుతుంది. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి ఎల్‌జీఏ1700 కావాలి. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ రకాలకి ఎల్‌జీఏ1851. ఏఎండీలో రైజెన్ 5000 రకాలకి ఏఎం4, 2022లో వచ్చిన 7000 రకాలకీ, ఆ తర్వాతి 9000 రకాలకీ ఏఎం5.

సాకెట్ కుదిరినంత మాత్రాన అయిపోలేదు. బీ650 బోర్డులు 2022లో వస్తే, రైజెన్ 9000 ప్రాసెసర్లు 2024లో వచ్చాయి. గోడౌన్లో చాలాకాలం ఉన్న బోర్డు తనకన్నా తర్వాత పుట్టిన ప్రాసెసర్ని గుర్తుపట్టదు. దాని బయాస్ అప్‌డేట్ చేయాలి. కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఆ పని చేయొచ్చు. ఆ సదుపాయం లేకపోతే దుకాణంలోనే చేయించుకోవడం మేలు.

గాటు మారితే ర్యామ్ దిగదు

డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లు చూపుకి కవలల్లా ఉంటాయి. రెండింటికీ 288 పిన్నులే. కానీ కింది అంచున గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. ఏఎం5 బోర్డులకి డీడీఆర్5 తప్పనిసరి. ఎల్‌జీఏ1700లో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి కనుక పేరు పూర్తిగా చదివి కొనాలి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇక్కడ పొరపాటు చేస్తే భారం కాస్తా ఎక్కువే.

32 జీబీది ఒక్కటి కొనేకన్నా 16 జీబీవి జతగా తీసుకుంటే వేగం బాగుంటుంది. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయడం మరిచిపోతే మాత్రం డబ్బిచ్చి కొన్న వేగం రాదు.

గుమ్మం కొలిచాకే మంచం

పెద్ద గ్రాఫిక్స్ కార్డుల్లో కొన్ని 300 మిల్లీమీటర్ల పొడవు దాటతాయి. పొడుగాటి కూలర్లు 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. క్యాబినెట్ ఎంతవరకూ పట్టిస్తుందో దాని డబ్బామీద లేదా కంపెనీ వివరాల్లో ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెద్ద క్యాబినెట్లో ఇముడుతుంది కానీ, ఏటీఎక్స్ బోర్డు చిన్న క్యాబినెట్లో పట్టదు.

కార్డు తర్వాత కొందామనుకునేవారు ప్రాసెసర్ పేరు చివర చూడాలి. ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 7500ఎఫ్ లాంటి 'ఎఫ్' రకాల్లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. విడిగా కార్డు లేకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు వద్దు

అన్నీ ఖరీదైనవి కొని, చివరికి మిగిలిన చిల్లరతో ఎస్‌ఎంపీఎస్ కొనేవాళ్లున్నారు. ఇంటికంతా అన్నం వండే పొయ్యికే గ్యాస్ చాలకపోతే ఎలా? గ్రాఫిక్స్ కార్డుకి స్లాటునుంచి అందేది 75 వాట్లే. ఎనిమిది పిన్నుల కేబుల్ ఒక్కోటి 150 వాట్లు ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 4090 లాంటిది ఒక్కటే 450 వాట్లు లాగుతుంది. అందుకే కార్డు కంపెనీ సూచించిన వాట్లకి తగ్గకుండా, కాస్త ఎక్కువే ఉండేలా పేరున్న ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలి. పాతదాని మాడ్యులర్ కేబుళ్లు కొత్తదానికి తగిలించకూడదు. కనెక్టర్ ఒకేలా ఉన్నా లోపలి వైర్ల వరస వేరుగా ఉండి హార్డ్‌డిస్కు కాలిపోవచ్చు.

కరెంటు పోయినప్పుడు రాసుకున్న ప్రోగ్రాము పోకూడదంటే యూపీఎస్ కావాలి. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ సాధారణంగా మోసేది 360 వాట్లు. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే అది చేతులెత్తేయొచ్చు.

బయల్దేరేముందు...

* భాగాల పేర్లు, మోడల్ నంబర్లతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా వస్తువే మారిపోతుంది.
* మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చే ప్రాసెసర్ల జాబితా, ర్యామ్‌ల జాబితా చూసుకోండి.
* దుకాణదారు 'అది లేదు, ఇదీ అంతే' అంటే వెంటనే తలూపకండి. ఆ మార్పు మిగతావాటికి సరిపోతుందో లేదో మళ్లీ చూడండి.
* వీలైతే అక్కడే బిగించి, ఆన్ చేయించి చూడండి. బిల్లు మీద సీరియల్ నంబర్లు వేయించుకోండి. వారంటీకి అదే ఆధారం.

ఇంత కసరత్తుకి ఒక పూట పడుతుంది. ఆ పూట ఓపిక పడితే, నాన్న సర్దిన డబ్బుకి విలువా దక్కుతుంది, కొన్నవాళ్లకి అయిదారేళ్ల పాటు చదువుకీ ఆటకీ తోడూ దొరుకుతుంది.