ప్రాయశ్చిత్త మెవ్వరికి?

లూథరనులు శిశువునకును బాప్తిస్మ మిత్తురు. బాప్తిస్టులు విశ్వసించినవానినే నీట ముంచుదురు. రక్షణసైన్యమువారు నీరే వలదందురు. క్రీస్తు మరణము దైవగౌరవమునకు చెల్లిన ఋణమని 11వ శతాబ్దిలో అన్సెల్ము, హృదయమును మార్చు ప్రేమయని 12వ శతాబ్దిలో అబెలార్డు వాదించిరి. తెనాలి, రేపల్లెలలో నీ భేదములపై తర్కించువారిని మేమడుగునది వేఱు.

బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురమును జూడుడు. 1911 నాటి నేరజాతుల చట్టము ఎఱుకలవారిని పుట్టుకచేతనే దోషులుగ నెంచెను. వారి నివేశనమును నడపినది రక్షణసైన్యమే. క్రీస్తు లోకమంతటికై ప్రాయశ్చిత్తము చేసెనని వారి సిద్ధాంతము. ఒక చేత సువార్తయు, వేఱొక చేత హాజరుపట్టీయు బూనిన యెడల, ఆ ప్రాయశ్చిత్తము పూర్ణమని నమ్మినట్లా? 1952 నాటికి చట్టము పోయినది, అపవాదు పోలేదు. క్షమింపబడినవాని పేరు దోషుల పట్టికలో నిలిపియుంచు లోకమునకు, ప్రాయశ్చిత్తమునుగూర్చి వాదింప నధికార మెక్కడిది?