విరిగిన మందు ఎక్కడికి పోతుంది?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో వ్యవసాయాధికారి పరీక్షకు చదివే కుర్రాడిని అడిగినా, ఊళ్లో మందుల దుకాణదారుణ్ణి అడిగినా ఒకటే జవాబు: ఇప్పటి తెగుళ్ల మందులు డీడీటీలా మొండివి కావు, నీళ్లలో పడితే రోజుల్లో విరిగిపోతాయి.

ఈ ధీమాకు ఆధారం మాంకోజెబ్, అంటే రైతులు ఎం-45 అనేది. నీటిలో దాని అర్ధాయువు ఒకటి రెండు రోజులే, నిజం. విరిగాక ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఇథిలీన్ థయోయూరియా అవుతుంది, పొట్టిగా ఈటీయూ. మాంకోజెబ్ నీళ్లలో సరిగా కరగదు, మట్టిని పట్టుకుని ఉంటుంది. ఈటీయూ సులువుగా కరిగి నీటితో పాటే పోతుంది. థైరాయిడ్‌ను దెబ్బతీసేదీ అదే. ఐరోపా సమాఖ్య 2020లో మాంకోజెబ్‌ అనుమతిని పొడిగించలేదు. మందు ఎంత తొందరగా విరిగితే ఈటీయూ అంత తొందరగా పుడుతుంది. దాన్ని సుగుణంగా చెప్పుకోవడం తలకిందుల లెక్క.

కార్బెండజిమ్ అసలు విరగడానికే మొరాయిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993 పత్రం ప్రకారం ఆక్సిజన్ ఉన్న నీటిలో దాని అర్ధాయువు 2 నెలలు, లేని నీటిలో 25 నెలలు. జలాశయం అడుగున బురదలో ఉండేది రెండో పరిస్థితే. థయోఫనేట్ మిథైల్ కొట్టినా చివరికి మారేది కార్బెండజిమ్‌గానే. పదిహేను రోజులకోసారి పిచికారీ చేస్తే, మొదటిది సగం కాకముందే నాలుగోది పడుతుంది.

పొలాల గొడవ చిక్కడపల్లికెందుకు అంటారా? నగరానికొచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి జలాశయం మీదుగా వస్తాయి. సాగర్‌కు ఎగువన నాలుగు రాష్ట్రాల సాగు ఉంది. నారాయణగూడ ఇంట్లో ఆ నీళ్లు కాచుకుంటే చచ్చేవి క్రిములే, మందు కాదు. ఇక తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో పేరు పెట్టి హద్దు గీసిన మందులు 18. పురుగు మందులున్నాయి, కలుపు మందులున్నాయి, తెగులు మందు ఒక్కటీ లేదు! ఆ పట్టిక చూసి నీళ్లు శుద్ధమని ఇచ్చిన కాగితం కార్బెండజిమ్ గురించి ఏమీ చెప్పనట్టే. ఫ్రాన్స్ వెతికింది: ఐరోపా 2019లోనే వద్దన్న క్లోరోథలోనిల్ అనే తెగులు మందు అవశేషం సగానికి పైగా తాగునీటి నమూనాల్లో దొరికిందని 2023లో ప్రకటించింది.

మన కేంద్రం 2020 మేలో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది. మాంకోజెబ్, కార్బెండజిమ్ రెండూ అందులో ఉన్నాయి. రెండూ తర్వాత కూడా దుకాణాల్లో దొరికాయి. నిషేధం ఎప్పుడొస్తుందో గానీ, పరీక్షకు అడ్డేమీ లేదు. ఈటీయూ, కార్బెండజిమ్‌లను ప్రమాణంలో చేర్చమని, దాన్ని రూపొందించే సంస్థ బీఐఎస్‌కు రాయండి. అక్కంపల్లి నీళ్లలో వాటిని వెతికి ఫలితం బయటపెట్టమని జలమండలిని అడగండి.