రేకు చప్పుడే కదా అనకండి

పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపడానికి కారు తీశానో లేదో, కింద ఎక్కడో గలగలమంటూ ఒకటే చప్పుడు. గిన్నెల బుట్టలో సత్తు మూత అదురుతున్నట్టు! బండి కాస్త జోరందుకోగానే తగ్గిపోయింది. స్కూలు గేటు దగ్గర ఆపేసరికి మళ్లీ మొదలు. సాయంత్రం మావారికి చెబితే, "పాత కారన్నాక ఆ మాత్రం చప్పుడు రాదా? రేడియో పెట్టుకో, వినపడదు" అన్నారు. ఆయన ఆఫీసుకి స్కూటర్ మీద వెళతారు. కారెక్కేది ఆదివారం పూట. ఆ పిల్లల గోలలో ఆయనకేం వినపడుతుంది?

మిక్సీ జార్ అడుగున వదులైందని, మోటారు నీళ్లు లాగకుండా ఉత్తినే తిరుగుతోందని పక్కగదిలో కూర్చుని చెప్పేది మనమే కదా! ఇంట్లో మన చెవిని అందరూ నమ్ముతారు. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం "నీకేం తెలుసు" అంటారు. నా ఫిర్యాదల్లా అదే.

సరే, నేనే షెడ్డుకి తీసుకెళ్లాను. మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు. "సార్‌ని పంపండమ్మా, ఆయనకి చెబుతాను" అన్నాడు. నాలుగేళ్లుగా ఆ కారు నడుపుతున్నది నేను. సమాధానం వినాల్సింది మాత్రం సారు! శనివారం ఆయనే వెళ్లి అరగంటలో తిరిగొచ్చారు. "అయిపోయింది. అదేదో రేకట, పీకేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు" అన్నారు. నిజంగానే చప్పుడు పోయింది. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ మర్నాడు అమెరికా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు అక్కడ పాత మాజ్దా మియాటా ఒకటి కొన్నాడు. 1989లో మొదలైన మోడల్. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటుండదు, పైకప్పు వెనక్కి మడిచేసుకోవచ్చు. ఫొటో చూసి మా అమ్మ "కూరగాయల సంచి ఎక్కడ పెడతావురా?" అని అడిగింది. ఆ ముచ్చటైన స్పోర్ట్స్ కారు పొద్దున్నే రేకుల డబ్బాలా మోగుతోందిట. "సైలెన్సర్ గొట్టం మీదుండే హీట్ షీల్డ్ వదులైందక్కా, ఇవాళంతా దాని కిందే పడుకున్నాను" అన్నాడు.

"ఒరేయ్, మాదీ అదేరా! మెకానిక్ పీకేశాడు, హాయిగా ఉంది" అన్నాను.

వాడు ఒక్క క్షణం మాట్లాడలేదు. "అక్కా, ఆ రేకు పారేశాడా? ముందు వెళ్లి తెచ్చుకో" అన్నాడు.

వాడు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ ఇదీ సంగతి. ఇంజనులోంచి వచ్చే వేడి పొగ కారు అడుగునున్న గొట్టం గుండా వెనక్కి పోతుంది. ఆ దారిలోనే పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో ముందు నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దాన్ని తప్పనిసరి చేశారు. అది పనిచేసేటప్పుడు వేడి 400 డిగ్రీలు దాటుతుంది. గారెలు వేసే నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుందంటే, ఇక ఊహించుకోండి! ఆ వేడి మన కాళ్ల కిందున్న తివాచీకీ, వైర్లకీ, పెట్రోలు గొట్టాలకీ తగలకుండా మధ్యలో కాస్త ఖాళీ వదిలి పలచటి రేకు బిగిస్తారు. దాన్నే హీట్ షీల్డ్ అంటారు. పొయ్యి వెనక గోడకి మనం కొట్టించుకునే రేకులాంటిదే. కొన్ని కార్లలో గొట్టం కింది వైపూ ఉంటుంది, నేల మీది చెత్తకి వేడి తగలకుండా.

రోజూ వేడెక్కి చల్లారడం, పైగా వానల్లో బురదనీళ్లు. బోల్టు చుట్టూ రేకు తుప్పుపట్టి కన్నం పెద్దదవుతుంది. బోల్టు బోల్టులాగే ఉంటుంది, రేకు మాత్రం ఊగుతుంది. చాలా కార్లలో ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా మోగి, లోహం వేడికి సాగి బిగుసుకున్నాక సద్దుమణుగుతుందిట. చప్పుడు చేస్తోందని దాన్ని పీకెయ్యడమంటే, కుక్క మొరుగుతోందని తరిమేసి తలుపులు తెరుచుకుని పడుకోవడమే.

నాకు గుండె ఝల్లుమన్నది ఇందుకు కాదు. ఆ వారమే ప్రకాశం జిల్లాలో మా పుట్టింటికి బయల్దేరాలి. ఆ రోజుల్లో దారి పొడవునా కంది కట్టె నూర్పిడికి తారురోడ్డు మీదే పరిచేస్తారు. కార్లూ లారీలూ దానిమీద నుంచే వెళ్లాలి. కర్ణాటకలో అలా పరిచిన ఉలవ కంప కారు అడుగున చుట్టుకుని మంటలు లేచిన సంగతి పత్రికల్లో వచ్చిందే. వెనక సీట్లో పిల్లలూ, అత్తయ్యగారూ! "ఏమండీ, ఆ రేకు బిగిస్తేగానీ నేను కదలను" అన్నాను. "రేకు కోసం ప్రయాణం మానేస్తావా?" అన్నారు. మానేస్తానన్నాను.

ఈసారి సారు వెళ్లలేదు. నేనే వెళ్లాను. రేకు ఇంకా షెడ్డు మూల తుక్కులో ఉంది, అదృష్టం. "అది లేకపోయినా బండి నడుస్తుంది మేడమ్" అన్నాడు మెకానిక్. "తొడుగు ఊడిన తీగతో కూడా బల్బు వెలుగుతుంది బాబూ, ముట్టుకుంటావా?" అన్నాను. నవ్వేశాడు. కారు పైకెత్తించి, నేను దగ్గరే నుంచుని చూశాను. ఒక మూల తుప్పు తిన్న చోట వెడల్పాటి వాషర్ వేసి బోల్టు బిగించాడు. రెండో మూల అసలు కన్నమే మిగల్లేదు. అక్కడ గొట్టాన్నీ రేకునీ కలిపి పెద్ద స్టీల్ హోస్ క్లిప్ చుట్టించాను. తమ్ముడు తన మియాటాకి చేసిందీ అదే, నాకు నేర్పిందీ వాడే. ప్లాస్టిక్ పట్టీలు కట్టబోతే మాత్రం ఒప్పుకోకండి, ఆ వేడికి కరిగిపోతాయి.

గలగలమన్న ప్రతి చప్పుడూ ఈ రేకుదే కానక్కరలేదు. సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బరు తెగినా మోగుతుంది, కన్వర్టర్ లోపలిది పగిలినా మోగుతుంది. మెకానిక్ ఏదో ఒక పేరు చెబితే, ఎక్కడో చూపించమని అడగండి. మన చీర కుట్టు ఊడితే టైలర్‌కి వేలు పెట్టి చూపిస్తాం కదా, అలాగే వాడిచేతా వేలు పెట్టించండి. ఊగుతుంటే కళ్లకి కనిపిస్తుంది. ఇంట్లోనే చూద్దామనుకునే ధైర్యవంతులకు ఒక్క మాట. రాత్రంతా చల్లారిన బండి దగ్గరే చెయ్యి పెట్టండి. ఉత్త జాకీ మీద లేపిన కారు కిందికి మాత్రం ఎవరెంత బతిమాలినా దూరకండి.

పని పూర్తయ్యాక నాలుగు వందలు ఇచ్చి బిల్లు అడిగాను. కుర్రాడు రాసిచ్చాడు. చూస్తే పైన మావారి పేరు! కొట్టేయించి నా పేరు రాయించుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాం. అద్దంకి దాటాక రోడ్డు మీద కంది పరిచి ఉంది. నెమ్మదిగా దాటి, పక్కన ఆపి, వంగి అడుగున చూశాను. రెండు పుల్లలు చిక్కుకుని ఉన్నాయి. కర్రతో లాగేశాను. మావారు కూడా దిగి, నా పక్కనే వంగి చూస్తూ అడిగారు, "ఇందులో ఆ రేకు ఏది?" అని.