క్యామ్‌కార్డర్ కొనే ముందు

పిఠాపురంలో 1885లో జన్మించి 1945లో కన్నుమూసిన ఉమర్ అలీషా గారు తెలుగు పద్యకవిగా, వక్తగా, కేంద్ర శాసనసభ సభ్యులుగా పేరుపొందారు. ఆయన రచనలు అచ్చులో ఉన్నందువల్ల నేటికీ చదువుకోగలుగుతున్నాము. కాని ఆ కాలపు సాధారణ కుటుంబాలకు తమ పెద్దల మాటతీరును, నవ్వును దాచుకొనే సాధనమేదీ లేదు. కెమెరాను, రికార్డరును ఒకే పెట్టెలో కలిపిన గృహ క్యామ్‌కార్డర్‌ను సోనీ సంస్థ 1983లో విడుదల చేసిన తరువాతనే ఆ అవకాశం ఇళ్ళలోకి రాసాగింది. నేడు అది పరిమిత ఆదాయం గల కుటుంబానికీ అందుబాటులో ఉంది. అయితే ఆ కొద్దిపాటి సొమ్మును దేనిమీద వెచ్చించాలన్నదే ప్రశ్న.

మా సలహా ఒక్కటే: ముందు శబ్దం, తరువాత తక్కువ వెలుతురులో పనితనం, ఆపైన భద్రపరచే వీలు చూడండి. పెట్టె మీద ముద్రించిన పెద్ద పెద్ద అంకెలను చివరకు చూడవచ్చు.

అసలు చేతిలో ఫోను ఉండగా వేరే కెమెరా ఎందుకన్న సందేహం సహజమే. పిల్లల అల్లరిని రెండు నిమిషాలు పట్టుకోవడానికి ఫోను చాలును. నానమ్మను గంటసేపు కూర్చోబెట్టి కుటుంబ చరిత్ర అడగాలన్నా, నిఖా ఖుత్బాను ఆసాంతం చిత్రీకరించాలన్నా క్యామ్‌కార్డర్ మేలు. ఫొటో కెమెరాలలో చాలా వాటికి ఒకసారికి అరగంట లోపే రికార్డింగు ఆగిపోయే నియమం ఉండేది. ఐరోపా సమాఖ్యలో వీడియో రికార్డర్లపై విధించే అదనపు సుంకాన్ని తప్పించుకోవడానికి తయారీదారులు పెట్టుకున్న హద్దు అది. క్యామ్‌కార్డర్‌కు ఆ హద్దు లేదు.

దుకాణంలో మొదట మైకు పెట్టుకొనే రంధ్రం ఉందో లేదో చూడండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ఇంటిల్లిపాదీ ఇష్టంగా చూస్తారు. మాట వినిపించకపోతే రెండో నిమిషంలోనే కట్టేస్తారు. సీలింగు ఫ్యాను హోరులో పెద్దల బలహీనమైన గొంతును కెమెరాలోని మైకు సరిగా పట్టలేదు. చొక్కాకు తగిలించే చిన్న మైకు ఆ లోటును తీరుస్తుంది. సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405 వంటి చౌక నమూనాలో విడి మైకు రంధ్రం లేదు. పానాసోనిక్ హెచ్‌సీ-వీ785లో ఉంది.

రెండవది వెలుతురు. మన వలీమాలు ఎక్కువగా రాత్రిపూటే జరుగుతాయి. కాంతిని పట్టే సెన్సార్ ఎంత పెద్దదైతే చీకటిలో బొమ్మ అంత శుభ్రంగా వస్తుంది. దాని కొలతను భిన్నంలో రాస్తారు. పైన చెప్పిన సోనీలో 1/5.8 అంగుళం, పానాసోనిక్‌లో 1/2.3 అంగుళం. కింది అంకె చిన్నదైనకొద్దీ సెన్సార్ పెద్దదని గుర్తుంచుకోండి. జూమ్ విషయంలో ‘ఆప్టికల్’ అన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. ‘డిజిటల్’ జూమ్ ఉన్న బొమ్మనే సాగదీస్తుంది.

పేరు తెలియని సంస్థల కెమెరాలు ‘4కె’, ‘48 మెగాపిక్సెల్’ అన్న అక్షరాలతో అతి చౌకగా కనబడుతుంటాయి. వాటిలో చాలావాటికి ఆప్టికల్ జూమే ఉండదు. వాటికన్నా పేరున్న సంస్థ తయారుచేసిన వాడిన కెమెరా మేలు. మీ మెమరీ కార్డు వెంట తీసుకువెళ్ళి, దుకాణంలోనే పది నిమిషాలు రికార్డు చేసి, ఇంట్లో టీవీ మీద చూసిన తరువాతే బేరం తెగ్గొట్టండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, కొత్తది దొరుకుతుందో అడగండి.

విదేశాలలోని బంధువుల చేత తెప్పించుకొనేవారికి ఒక హెచ్చరిక. మన విద్యుత్తు 50 హెర్ట్జ్, అమెరికాది 60. అక్కడి మార్కెట్టుకు చేసిన కొన్ని కెమెరాలతో మన ట్యూబ్‌లైటు కింద చిత్రిస్తే బొమ్మ మిణుకుతుంది. సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు ఎంచుకొనే వీలు ఉందో లేదో ముందే కనుక్కోండి.

దగ్గరున్న సొమ్ములో వంద రూపాయలకు డెబ్బై కెమెరాకు, ముప్పై మైకు, స్టాండు, కార్డు, అదనపు బ్యాటరీలకు కేటాయించండి. వడ్డీ వాయిదాలపై కొనవలసినంత అత్యవసర వస్తువు కాదిది. ఆరు నెలలు కూడబెట్టి కొన్నా ఆలస్యమేమీ కాదు.

కొన్నాక భద్రపరచడం ముఖ్యం. సెకనుకు 24 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ రికార్డింగు గంటకు దాదాపు 11 గిగాబైట్లు తీసుకుంటుంది; 64 గిగాబైట్ల కార్డులో ఆరు గంటలు పడుతుంది. 100 మెగాబిట్ల 4కె అయితే అదే కార్డు గంటన్నర కూడా రాదు. ఇంటి అవసరానికి ఫుల్ హెచ్‌డీ చాలును. వీహెచ్‌ఎస్ యంత్రాల తయారీని జపాన్‌కు చెందిన ఫునై సంస్థ 2016లో ఆపివేసింది. బీరువాలలోని పెళ్ళి క్యాసెట్లను ఆడించే యంత్రాలు అరుదవుతున్నాయి కాబట్టి, వాటిని వెంటనే డిజిటల్‌లోకి మార్పించండి. కొత్త వీడియోలకు రెండు ప్రతులు చేసి రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచండి. ఉప్పాడ సముద్రం దగ్గరే కాబట్టి తేమకు లెన్సుపై బూజు పడుతుంది; సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో దాచండి.

స్త్రీల సమావేశాన్ని స్త్రీలే, అక్కడున్నవారి అనుమతితోనే చిత్రించాలి. ఆ కార్డు ఒక అమానతు. ఇతరుల ఫోన్లలోకి అది పోకూడదు.

కెమెరా ఇంటికి వచ్చిన వారంలోనే ఇంటి పెద్దను కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, మైకు తగిలించండి. కడలి కోతకు గురైన ఉప్పాడ తీరం వారి చిన్ననాట ఎలా ఉండేదో, జాందానీ మగ్గాల వీధులు ఎలా ఉండేవో, తమ అమ్మ పాడిన జోలపాట ఏదో అడగండి. పెళ్ళిళ్ళ సందడి ఏటా వస్తుంది. పెద్దల ఆ మాటలు మాత్రం ఇప్పుడు పట్టుకుంటేనే దక్కుతాయి.