ఇరువురు తల్లుల బిడ్డ

"ఇరువురు స్త్రీలు గాని, ఇరువురు పురుషులు గాని దంపతులవలె కాపురముండి, ఒక బిడ్డను దత్తు తెచ్చుకొని పెంచినచో ఆ బిడ్డ సుఖపడునా?" అని యొక సోదరి మమ్ము అడిగినారు. ప్రశ్న చిన్నదియే గాని దానిలో రెండు ప్రశ్నలు ముడిపడియున్నవి. అట్టి జంటల కాపురము మనకు సమ్మతమా కాదా యనునది ఒకటి. ఆ యింట పెరుగు బిడ్డకు క్షేమమా కాదా యనునది రెండవది. మొదటిదానిపై మా పాఠకురాండ్రలో నానాభిప్రాయములు గలవని యెఱుగుదుము. ఒకే యింట అత్తగారి మాట ఒకటి, కోడలి మాట ఒకటిగా నుండును. ఈ మాసము మేము రెండవదానినే చేపట్టితిమి. ఏలన, మనము ఒప్పుకొన్నను మానినను అట్టి యిండ్లలో బిడ్డలు పెరుగుచునే యున్నారు.

ఒక సంసారము కథ చెప్పినచో విషయము తేటపడును.

అమెరికా దేశమున మిషిగన్ రాష్ట్రములో ఏప్రిల్ డిబోర్, జేన్ రౌస్ అను ఇరువురు స్త్రీలు నర్సులుగ నుండిరి. ఒకరు అప్పుడే పుట్టిన పసికందులను కాపాడు వార్డులోను, ఒకరు అత్యవసర చికిత్సా విభాగములోను పని చేయుచుండిరి. 2007లో తమవారి యెదుట, జీవితాంతము కలసి యుందుమని బాస చేసికొనిరి. 2009లో ఒక మగశిశువును తెచ్చి పెంచి దత్తు చేసికొనిరి. ఆ యేడే రెండవ మగబిడ్డ వచ్చెను. వాడు నెలలు నిండక పుట్టి, కన్నతల్లి విడిచిపోగా, రేయింబవళ్లు కనిపెట్టుకొని యుండవలసిన స్థితిలో నుండెను. మరుసటి యేడు ఒక ఆడుశిశువు వచ్చెను. ఆమెకును ప్రత్యేకమగు సంరక్షణ కావలసియుండెను. ఎవరును కోరని బిడ్డలను ఈ యిరువురు కోరి తెచ్చుకొనిరి. ఆసుపత్రిలో దినమెల్ల పసికందులను సాకి, ఇల్లు చేరి మరల అదే పని చేయుట యెట్టిదో తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

చిక్కు చట్టములో నుండెను. ఆ రాష్ట్రమున దత్తు తీసికొను హక్కు పెండ్లియైన దంపతులకు గలదు, ఒంటరి వ్యక్తికి గలదు. పెండ్లి కాని జంటకు లేదు. స్త్రీకి స్త్రీతో పెండ్లి అక్కడ చెల్లదు. 2004లో ప్రజలు వోట్లు వేసి ఆ నిషేధమును రాష్ట్ర రాజ్యాంగములోనే చేర్చిరి. కావున మగబిడ్డ లిరువురు జేన్ పేరను, ఆడుబిడ్డ ఏప్రిల్ పేరను దత్తు కావలసి వచ్చెను. ఒక పొయ్యిమీది అన్నము తిని, ఒక కప్పు క్రింద నిదురించు ఆ పిల్లలు చట్టము లెక్కలో అన్నలును చెల్లెలును కారు. ఏప్రిల్ ఆ మగపిల్లలకు ఏమియు కాదు. జేన్ ఆ పిల్లకు ఏమియు కాదు. ఆసుపత్రిలో సంతకము చేయవలసి వచ్చినను, బడిలో నుండి కబురు వచ్చినను, కాగితము మీద పేరున్న తల్లియే తల్లి.

ఒకమారు దారిలో పెనుప్రమాదము తృటిలో తప్పిపోయిన పిమ్మట వారికి భయము పట్టుకొనెను. మనలో నొకరు పోయినచో రెండవవారికి ఆ బిడ్డ దక్కునా? మరణశాసనము వ్రాసికొనవచ్చును, కాని న్యాయస్థానము దానికి కట్టుబడవలెనని లేదు. పుట్టినది మొదలు పాలు పట్టినామె పరాయిదియై, బిడ్డ మొగము చూచి యెఱుగని బంధువు స్వంతవాడగుట సంభవింపవచ్చును. అందుచేత 2012లో వారు కోర్టుకెక్కిరి. వారు మొదట కోరినది పెండ్లి కాదు. మా బిడ్డలకు ఇరువురమును తల్లులమని వ్రాయుడని మాత్రమే. దత్తతకు అడ్డు వివాహ నిషేధమే గనుక దానినే ప్రశ్నింపవచ్చునని న్యాయాధిపతి బెర్నార్డ్ ఫ్రీడ్‌మన్ సూచించిన మీదట వ్యాజ్యము పెద్దదయ్యెను.

2014 ఫిబ్రవరి, మార్చి మాసములలో దాదాపు రెండు వారములు విచారణ సాగెను. తల్లియు తండ్రియు నున్న యిల్లే బిడ్డకు ఉత్తమమని రాష్ట్రమువారు వాదించిరి. అది నిజమేనా యని తేల్చుటకు పండితులను రప్పించి సాక్ష్యము తీసికొనిరి. ఈ సంగతి మాకు నచ్చినది. "అందరు ననుకొనుచున్నారు" అను మాట కోర్టులో చెల్లదుగదా.

పండితులు ఏమి కనుగొనిరో చెప్పెదము. అమెరికాలో రేచెల్ ఫార్, షార్లెట్ ప్యాటర్సన్ మొదలగువారు దత్తుబిడ్డలున్న 106 కుటుంబములను పరిశీలించి 2010లో ప్రకటించిరి. అందు 27 ఇరువురు తల్లుల యిండ్లు, 29 ఇరువురు తండ్రుల యిండ్లు, 50 తల్లిదండ్రుల యిండ్లు. బడికి పోవు వయసు రాని చిన్నపిల్లలు. పెంచువారినే గాక పిల్లలను చూచుకొను ఉపాధ్యాయినులను గూడ అడిగిరి. కన్నవారి కన్ను తన బిడ్డ తప్పులు చూడదు గావున ఇది మంచి పద్ధతి. మూడు విధములగు యిండ్లలోను పిల్లల నడవడిలో భేదము కానరాలేదు. కొన్నేండ్లకు, పిల్లలు బడి యీడు వచ్చిన తరువాత, అందులో పెక్కు కుటుంబములను మరల చూచిరి. అప్పుడును అంతే. ఇంగ్లండులో సూసన్ గోలంబాక్ బృందము 2014లో ప్రకటించిన పరిశీలనలో 41 ఇరువురు తండ్రుల యిండ్లు, 40 ఇరువురు తల్లుల యిండ్లు, 49 తల్లిదండ్రుల యిండ్లు. అన్నియు దత్తత యిండ్లే. అక్కడను ఇరువురు తండ్రుల యింటి పిల్లలు ఏ విధమునను వెనుకబడి లేరు.

మరి పిల్లలలో భేదము దేనివలన గలుగుచున్నది? పెంచువారి మనస్సుకు గల యలసట, చిరాకు ఎక్కువైన యింట పిల్లల తొందరలు ఎక్కువ. ఇంటి పెద్ద లిరువురికి పొందిక గల చోట పిల్లలు నెమ్మదిగ నుందురు. ఈ మాట చెప్పుటకు కేంబ్రిడ్జి పండితులు కావలయునా యని మా పాఠకురాండ్రు నవ్వుకొందురేమో! కాని తెలిసిన మాటనే లెక్క కట్టి చూపినప్పుడు దాని బరువు వేరు.

ఎదురు సాక్ష్యము లేకపోలేదు. టెక్సాసు విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ రెగ్నెరస్ 2012లో ఒక పరిశీలన ప్రకటించి, అట్టివారి పిల్లలు పెద్దవారైన పిదప పెక్కు విధముల కష్టపడుచున్నారని వ్రాసెను. ఆయన లెక్క యెట్లనగా, తల్లియో తండ్రియో యెన్నడైన తమ లింగమువారితో సంబంధము పెట్టుకొన్న ప్రతి యింటిని ఒక రాశిగ పోసెను. ఆ యిండ్లలో పెక్కు మునుపటి పెండ్లి విరిగి, కాపురము చెదరినవి. ఇరువురు తల్లుల చేతిలో పుట్టుక నుండి పెరిగినవారు అందు మిక్కిలి కొలది. చెదరిన కాపురపు దుఃఖమును తెచ్చి నిలిచిన కాపురపు పద్దులో వ్రాయుట న్యాయమా? ఆయన కోర్టులో సాక్ష్యమిచ్చెను. న్యాయాధిపతి దానిని నమ్మదగినది కాదని త్రోసివేసెను.

అయినను ఒక మాట. ఇట్టి పరిశీలనలలోని కుటుంబముల సంఖ్య వందలలోనే గాని వేలలో లేదు. దత్తత యిచ్చువారు ఇల్లు, వాకిలి, సంపాదన, ఆరోగ్యము అన్నియు విచారించి గాని బిడ్డ నియ్యరు. కావున ఆ యిండ్లు వడబోసి తీసిన యిండ్లు. ఇరువురు తల్లులు పెంచిన ప్రతి బిడ్డయు బాగుపడునని ఎవరును చెప్పలేదు, మేమును చెప్పము. తల్లియు తండ్రియు పెంచిన ప్రతి బిడ్డయు బాగుపడినాడా? పెంచువా రిరువురు ఒకే లింగమువారగుట వలననే బిడ్డకు కీడు గలుగుననుటకు ఆధారము దొరకలేదని మాత్రము నిశ్చయముగ చెప్పవచ్చును. అమెరికా పిల్లల వైద్యుల సంఘము 2002లోనే, రెండవ తల్లికి గూడ దత్తత హక్కు ఇయ్యవలెనని చెప్పెను.

మన యిండ్లకు వత్తము. "విధవ పెంపకము" అను తిట్టు తెలుగున పుట్టినదే. భర్త పోయిన యిల్లాలును, పుట్టింటనే మిగిలిన ఆడుబిడ్డయు కలసి విస్తళ్లు కుట్టి, అప్పడము లొత్తి పెంచిన పిల్లలు చదువుకొని పెద్దవారైన యిండ్లు ఎన్ని లేవు? ఆ తల్లులకును లోకము చెప్పిన మాట ఇదియే: మగదిక్కు లేని యింట బిడ్డ చెడును. ఆ సంసారమును ఈ సంసారమును ఒకటని మేమనుట లేదు. భయము మాత్రము ఒకటే.

మిషిగన్ తల్లుల వ్యాజ్యము 2014 మార్చి 21న గెలిచి, నవంబరులో పై కోర్టులో ఓడి, 2015 జూన్ 26న అమెరికా సుప్రీముకోర్టులో అయిదుగురు నలుగురుగ చీలిన తీర్పుతో మరల గెలిచెను. ఆ ఆగస్టులో వారికి పెండ్లి జరిపినది ఆ ఫ్రీడ్‌మన్ న్యాయాధిపతియే. ఒకరి బిడ్డలను ఒకరు దత్తు చేసికొనుటకు అటుపిమ్మట దారి యేర్పడెను.

మన దేశమున ఏమి? దత్తత మన శాస్త్రములో కొడుకు కొరకు, పిండోదకముల కొరకు ఏర్పడినది. కూతురును దత్తు తెచ్చుకొనుట, స్త్రీ తన పేరనే దత్తు తీసికొనుట హిందువులకు 1956 చట్టముతోనే సాధ్యమయ్యెను. పెండ్లియైన స్త్రీకి భర్త సమ్మతితో తానుగా దత్తు తీసికొను హక్కు 2010లో గాని రాలేదు. దత్తత ధర్మము మారనిదని యనువారు ఈ సంవత్సరములు గుర్తుంచుకొనవలెను.

ఇక అనాథశిశువులను ప్రభుత్వ సంస్థద్వారా ఇచ్చు దత్తతకు 2022 నిబంధనలు గలవు. జంటకు బిడ్డ నీయవలెనన్న రెండేండ్లు నిలకడగ సాగిన వివాహము కావలెను. ఒంటరి స్త్రీ ఆడుబిడ్డనైనను మగబిడ్డనైనను తీసికొనవచ్చును. ఒంటరి పురుషుడు ఆడుబిడ్డను తీసికొనరాదు. స్త్రీకి స్త్రీతో, పురుషునికి పురుషునితో వివాహము మన చట్టమున లేదు గనుక, అట్టివారిలో ఒకరే ఒంటరిగ దత్తు తీసికొనవలయును. మిషిగన్ పిల్లల గతియే!

ఈ నిబంధన సుప్రీముకోర్టులో చర్చకు వచ్చినది. వివాహహక్కు కోరి వెళ్లినవారిలో మన హైదరాబాదున కాపురమున్న ఒక జంటయు గలదు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. వివాహహక్కు రాజ్యాంగములో లేదని అందరును ఒప్పుకొనిరి. దత్తత విషయమున చీలిరి. పెండ్లియైన దంపతులే బిడ్డకు నిలకడ నీయగలరనుటకు ఆధారము లేదని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారును, కౌల్ గారును ఆ నిబంధనను కొట్టివేయవలెననిరి. భట్ గారు, మునుపు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగ నుండిన హిమా కోహ్లి గారు, నరసింహ గారు దానిని నిలిపిరి. ముగ్గురి మాటయే చెల్లెను. అయినను, అట్టి జంటలు మంచి తల్లిదండ్రులు కాలేరని తమ భావము కాదని భట్ గారు స్పష్టముగ వ్రాసిరి. పునర్విచారణకై పెట్టిన అర్జీలు 2025 జనవరిలో త్రోసివేయబడెను. ఈలోపల 2024లో, అట్టి జంటను రేషను కార్డు కొరకు ఒకే కుటుంబముగ నెంచవలెనని, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకు అభ్యంతరము లేదని కేంద్రప్రభుత్వమువారు తెలిపిరి. బియ్యము ఒక కార్డుమీద వచ్చును, సొమ్ము ఒక ఖాతాలో నుండును, బిడ్డ మాత్రము ఒకరి పేరనే యుండవలెను!

ఈ లోటు పెద్దలకు అవమానము, బిడ్డకు అపాయము. దత్తు తీసికొన్న తల్లి పోయిన నాడు బిడ్డ మిగిలిన తల్లి యొడిలో ఏడ్చుటకు గూడ కోర్టు అనుమతి కావలసి వచ్చును. జంట విడిపోయినచో రెండవ తల్లి బిడ్డ పోషణకు బాధ్యురాలు కాదు. ఆమె ఆస్తి బిడ్డకు దానంతట రాదు. సమ్మతి లేనివారు గూడ ఈ ముక్క ఆలోచింపవలెనని మా కోరిక.

చట్టము చేయుట మన చేతిలో లేదు. మన చేతిలో నున్నది వేరొకటి గలదు. ఇట్టి యిండ్ల పిల్లలు బడిలో తోడిపిల్లల యెగతాళికి గురియైనప్పుడు నొచ్చుకొందురని పరిశీలకులు వ్రాసియున్నారు. మీ పిల్ల బడినుండి వచ్చి "అమ్మా, దానికి ఇద్దరమ్మలట!" అనినచో ఉలికిపడకుడు, నవ్వకుడు, గుసగుసలాడకుడు. "అవునమ్మా, వారిద్దరును దానిని పెంచుకొనుచున్నారు" అని చెప్పి, పలహారము పెట్టుడు. పసిపిల్లలు అంతకు మించి అడుగరు. ఆ పిల్లను ఒకనాడు పేరంటమునకు పిలువుడు. ఇరువురు తల్లులను పిలువుడు.

ఒంటరి స్త్రీ దత్తతకు దరఖాస్తు పెట్టుకొను విధానమును గూర్చి పలువు రడుగుచున్నారు. దానిని వచ్చు మాసము వ్రాసెదము.