హలీం కావాలి, హలీం కలిపే చేయి వద్దా?

రంజాన్ నెల రాగానే హైదరాబాద్ నగరానికి పాతబస్తీ గుర్తుకొస్తుంది. ఇఫ్తార్ అనంతరం మదీనా కూడలి నుంచి చార్మినార్ దాకా కాలు మోపడానికి చోటుండదు. మాదాపూర్, గచ్చిబౌలి నుంచి కార్లు బారులు తీరుతాయి. వచ్చినవారు హలీం తిని, ఖుబానీ కా మీఠా రుచి చూసి, లాడ్‌బజారులో గాజులు కొని, నాలుగు ఫొటోలు తీసుకుని, "ఎంత గొప్ప సంస్కృతి!" అని మెచ్చుకుంటూ మూసీ వంతెన దాటి వెళ్లిపోతారు. అతిథుల రాక మనకు సంతోషమే. ఆ వంతెన దాటిన తర్వాత ఆ మెచ్చుకోలు ఏమవుతున్నదన్నదే నా ప్రశ్న.

హలీం పుట్టుకే ఒక వలస కథ. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు వచ్చారు. వారి బ్యారక్సే నేటి బార్కస్. వారు తెచ్చిన హరీస్‌కు దక్కనీ మసాలాలు తోడై హలీం అయింది. గోధుమలు, మాంసం, నెయ్యి దేగ్‌లో వేసి, కట్టెల భట్టీ మీద గంటల తరబడి ఉడికించాలి. పొడవాటి కర్రలతో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దంచాలి. ఉపవాసంతో, ఆ సెగ ముందు, ఆ పొగలో చేసే పని అది. ఫొటోలో గిన్నె కనిపిస్తుంది గాని, ఆ భుజాలు కనిపించవు.

బిరుదులకు కొదవ లేదు. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని ఆహార సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరంగా ప్రకటించింది. 2024లో లక్క గాజులకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ గౌరవాలను పొందినది నగరం. వాటిని సంపాదించి పెట్టిన చేతులకు దక్కినదేమిటి?

ఇల్లు అద్దెకు అడగండి. ఫోనులో అంతా కుదురుతుంది. పేరు చెప్పగానే "మా బంధువులు వస్తున్నారండీ" అన్న జవాబు వస్తుంది. కొందరు మరింత మర్యాదగా, "మేము శాకాహారులకే ఇస్తాము" అంటారు. వారిలో నిన్న రాత్రి మన వీధిలో హలీం తిన్నవారూ ఉంటారు. ఆ దేగ్‌లోని గోధుమలు ఎవరు పండించారని మనమెన్నడూ అడగలేదు. దేగ్ కలిపినవాని మతాన్ని ఇంటి గుమ్మం వద్ద వారెందుకు అడుగుతున్నారు?

అప్పు అడగండి. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను 'ప్రతికూల ప్రాంతాలు'గా పరిగణించి రుణాలు తేలికగా ఇవ్వడం లేదని 2006లోనే సచార్ కమిటీ నివేదిక పేర్కొన్నది. మా బస్తీలో చిన్న బేకరీ పెట్టుకోదలచిన ఒక యువకుని వెంట నేనొక బ్యాంకు శాఖకు వెళ్లాను. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాడిని, కాగితంలో లోపముంటే నాకు కనబడుతుంది. అధికారి చిరునామా చదివి, కాగితాలు మడిచి, "మీ ఏరియాకు కష్టమండీ" అన్నాడు. బయటికి వచ్చాక ఆ పిల్లవాడు, "చాచా, నాలో లోపమేమిటో చెప్పి ఉంటే దిద్దుకునేవాణ్ణి. ఏరియాను ఎట్లా దిద్దుకోను?" అన్నాడు. నా వద్ద జవాబు లేకపోయింది.

రవాణా చూడండి. 2017 నవంబరులో నగరానికి మెట్రో వచ్చింది. 2020లో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన మార్గం మూసీ వద్ద, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి నిలిచిపోయింది. ఫలక్‌నుమా దాకా వేయవలసిన ఆ మార్గం మొదటి దశ ప్రణాళికలోనిదే. పాతబస్తీ మార్గానికి 2024 మార్చిలో మళ్లీ శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన శిల మీద కూర్చుని ఎవరూ ఉద్యోగానికి పోలేరు.

"మీరే ఒకచోట గుమిగూడి ఉంటారు" అని కొందరంటారు. ఇతర చోట్ల తలుపులు మూసి, ఉన్నచోటే ఉన్నారని నిందించడం ఏ న్యాయం? పైగా పాతబస్తీ ముస్లింలది మాత్రమే కాదు. లాల్‌దర్వాజా బోనాలు ఇక్కడివే, తరతరాల కాయస్థ కుటుంబాలు ఇక్కడివే. ఈ నిర్లక్ష్యపు బరువు వారూ మోస్తున్నారు. వేదికల మీద వల్లించే 'గంగా జమునా తహజీబ్' నిజమైతే, అది పళ్లెం దగ్గర ఆగిపోకూడదు.

మన తప్పులూ ఒప్పుకుందాం. బిర్యానీని పొగిడితే పొంగిపోయి, హక్కులడగడం మరచిపోతున్నాము. బడికి పోవలసిన పిల్లవాడు మన హోటల్లోనే బల్లలు తుడుస్తుంటే చూసీ చూడనట్టు పోతున్నాము. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ భట్టీ కార్మికునికి వర్తించదా? ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు పొదిగే మన ఆడపడుచులకు ఆ భౌగోళిక గుర్తింపులో వాటా అక్కరలేదా?

కనుక బాధ్యతలు స్పష్టంగా చెప్పుకుందాం. రుణం నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నది, పై అధికారులున్నారు. ప్రతి మస్జిదు కమిటీ ఇటువంటి నిరాకరణలను తేదీలతో సహా ఒక పుస్తకంలో నమోదు చేయాలి. నోటిమాట గాలికి పోతుంది, నమోదైన ఫిర్యాదుకు జవాబు చెప్పక తప్పదు. మెట్రో పనుల గడువును ఎన్నికల వేళనే కాక ప్రతి నెలా అడగాలి. మన హోటళ్లవారు కార్మికులకు న్యాయమైన కూలి, పిల్లలకు బడి ఖాయం చేయాలి.

వచ్చే రంజాన్‌కూ అతిథులు వస్తారు. రానివ్వండి, కడుపునిండా పెట్టండి. వెళ్లేటప్పుడు మాత్రం వినయంగా ఒక్క మాట అడగండి: "మీ వీధిలో మాకొక ఇల్లు అద్దెకు దొరుకుతుందా?"